నూట పన్నెండో పేజీలో నరహరి సారు

నేను ఒక పుస్తకాన్ని. కథల పుస్తకాన్ని కాదు, పద్యాల పుస్తకాన్ని అంతకన్నా కాదు. మగవాళ్ల కోట్లు, షేర్వానీలు, పంట్లాములు ఎలా కొలవాలో, ఎలా కొయ్యాలో చెప్పే పుస్తకాన్ని. రెండు వందల పేజీలు దాటి ఉంటాను. మధ్యమధ్య మడత పటాలున్నాయి, విప్పితే బల్ల నిండుతాయి. అట్ట ఆకుపచ్చ రంగు. ఇప్పుడు చూస్తే ఆకుపచ్చ అని మీరు ఒప్పుకోరు. ఇస్త్రీ పెట్టె పక్కన అన్నేళ్లు బతికితే ఎవరి రంగైనా అంతే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, నాకు భయం ఎక్కువ. దర్జీ దుకాణంలో పుస్తకానికి ఎన్ని గండాలుంటాయో మీకు తెలియదు. ఒక పక్క ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు. ఇంకో పక్క అంచు మీద పెట్టిన టీ గ్లాసు. ఎవరో ఒకరు చెయ్యి విసురుతారు, గ్లాసు దొర్లుతుంది, నేను తడుస్తాను, తడిస్తే పటాలు అతుక్కుంటాయి, అతుక్కుంటే విప్పబోయి చించుతారు. ఇంత దూరం నేను రోజుకు నాలుగుసార్లు ఆలోచిస్తాను. ఏదీ జరగని రోజున, రేపటికి దాచిపెట్టాడేమో దేవుడు అనుకుంటాను.

నన్ను రాసినాయన సికింద్రాబాదులో పటాలం ఆఫీసర్లకు కోట్లు కుట్టి ముసలివాడైన దర్జీ. కోత పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మనవాళ్లు బొమ్మలు చూసి కోసి గుడ్డ పాడు చేస్తున్నారు అని బాధపడి, చిన్న అక్షరాలతో, పెద్ద ఓపికతో తెలుగులో రాశాడు. ముందుమాటలో గొప్పలేమీ లేవు. “చదివి వెంటనే కొయ్యవద్దు. చదివి, మనిషిని చూసి, కొంచెం ఆగి, అప్పుడు కొయ్యవలెను” అని ఉంది. నా ఒంట్లో అన్ని పేజీలున్నా నాకు ఎక్కువ ఇష్టమైన మాట అదే. అచ్చాఫీసులో నన్ను కుట్టి, అట్ట వేసి, మూడు వైపులా కత్తి దింపి అంచులు సమం చేశారు. పుట్టీ పుట్టగానే కత్తి చూసినదాన్ని. అప్పటినుంచీ కోసేవాళ్లంటే నాకు భయమూ ఉంది, గౌరవమూ ఉంది.

నన్ను కొన్న మొదటి మనిషి గులాం దస్తగీర్ అనే మాస్టరు. సికింద్రాబాదులోనే, కింగ్సువే రోడ్డు దగ్గర సందులో దుకాణం. నవ్వకండి, ఆయనకు తెలుగు చదవడం రాదు. పటాలు బాగున్నాయని కొన్నాడు. చదవడానికి ఆయన దగ్గర పనిచేసే మాడిశెట్టి వీరస్వామి ఉండేవాడు. జగిత్యాల మేరోళ్ల ఇంటివాడు, పెళ్లయినవాడు, కులవృత్తి కుట్టుపనే చేతిలో ఉండీ కోటు పని నేర్చుకుందామని పట్నం వచ్చినవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీరస్వామి పైకి చదివేవాడు, దస్తగీర్ మాస్టరు పాన్ నములుతూ వినేవాడు. “సహీ” అంటే ముందుకు పోవడం. “గలత్. పక్కన రాయి” అంటే ఆగడం. అలా నా అంచుల్లో వీరస్వామి ముత్యాల్లాంటి రాత పడింది. మొదట్లో నాకు అవమానంగా ఉండేది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి మొదటి రోజే వంకలు పెట్టినట్టు. తర్వాత అర్థమైంది. ఆ మనిషి నన్ను తప్పు పట్టడం లేదు, నాతో మాట్లాడుతున్నాడు.

వీరస్వామి ఊరికి తిరిగి పోయే రోజున అడిగాడు. “మాస్టర్ సాబ్, దుకాణం పెడుతున్న. ఇంకేం పుస్తకాలు కొనాలె?”

దస్తగీర్ మాస్టరు మూడు వేళ్లు చూపించాడు. “ఒకటి బట్టల గురించి చెప్పేది. ఒకటి ఫ్యాషన్ బొమ్మలున్నది, పెండ్లికొడుకులకు చూపెట్టనీకి. ఒకటి కోత నేర్పేది. మొదటి రెండు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతయ్. మూడోది ఇగో, ఇది తీస్కపో.”

“మరి మీకు?”

“నాకేంది? నువ్వు చదివింది మొత్తం విన్న గద.”

అలా నేను జగిత్యాల వచ్చాను. గడియారం టవరు దగ్గరి సందులో, గోడకు కొట్టిన అరలో, ఆ రెండు పుస్తకాల పక్కన నన్ను నిలబెట్టారు. బట్టల పుస్తకం నిండా రంగురంగుల ఉన్ని ముక్కలు అంటించి ఉండేవి. ఏ గుడ్డ ఎండకు ఆగుతుంది, ఏది మడత నిలుపుతుంది అని చెప్పేది. మంచిది, పాపం. మూడేళ్లకు పురుగులు తినేశాయి. ఫ్యాషన్ పుస్తకం ఇంకా ఉంది. దానిలో మగవాళ్లందరూ తాటిచెట్టంత పొడుగు, ఒకరికీ పొట్ట లేదు, ఒకరికీ భుజం దిగలేదు. పెండ్లికొడుకులు ఆ బొమ్మ మీద వేలు పెట్టి “గిట్ల కావాలె” అనేవారు. వీరస్వామి తల ఊపేవాడు. తర్వాత నన్ను తీసి, గిట్ల లేని మనిషికి గిట్ల కనబడే కోటు ఎలా కొయ్యాలో చూసుకునేవాడు. అందం సంగతి ఆ పుస్తకానికి తెలుసు, మనుషుల సంగతి నాకు తెలుసు అని లోలోపల కొంచెం గర్వపడేదాన్ని. గర్వపడిన ప్రతిసారీ, ఇందుకు ఏదో ఒకటి అనుభవిస్తాను అని భయపడేదాన్ని కూడా.

వీరస్వామి గురించి ఎంత చెప్పినా తక్కువే. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే అతని బతుకేమిటో చూసేవాడు. నా యాభయ్యో పేజీ అంచున రాసి ఉంటుంది చూడండి: “పోస్టు మాస్టరు, ఎడమ భుజం పావు అంగుళం దిగుడు, సంచి మోసిన భుజం.” ఇంకోచోట: “వకీలు గారు, కుడి చెయ్యి ముందుకు, కోర్టులో అలవాటు.” ఎవరి లోపమూ ఎవరి ముందూ పైకి అనలేదు. కాగితం మీద రాసుకున్నాడు, గుడ్డలో సరిచేశాడు, వాళ్లు అద్దంలో చూసుకుని మేమే బాగున్నాం అనుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ వెనక్కి తిరిగి నీ గొప్పే వీరస్వామీ అన్నది లేదు. నాకే కడుపు మండేది. ఆయనకు మండేది కాదు.

ఆ తర్వాత నేను భయపడనిది జరిగింది. అన్నిటికీ భయపడ్డాను గానీ ఆయన చేతుల గురించి ఎన్నడూ అనుకోలేదు. మొదట సూదిలో దారం ఎక్కించడానికి రెండుసార్లు పట్టింది. తర్వాత నాలుగుసార్లు. తర్వాత సుద్దతో గీసిన గీత వణికింది. కరీంనగర్ డాక్టరు మందులిచ్చాడు, వణుకు తగ్గదని కూడా చెప్పాడు. ఒక రోజు వీరస్వామి పెద్ద కత్తెర తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి నా పక్కన అరలో పెట్టేశాడు. ఆరోజు నుంచి దుకాణంలో కోట్లు లేవు. ఆయన బిడ్డ సరోజన కుట్టే జాకెట్లు, బడిపిల్లల చొక్కాలే.

సరోజన అత్తగారిల్లు అదే ఊళ్లో, రెండు సందుల అవతల. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి వచ్చి మిషన్ మీద కూర్చునేది. పని లేనప్పుడు నన్ను తీసి చదివేది. మొదటిసారి తెరిచినప్పుడు, జాకెట్ల కొలతలు రాసుకోవడానికి పేజీ చించుతుందని ఊపిరి బిగబట్టాను. చించలేదు. అంచుల్లో తండ్రి రాత మీద వేలు పెట్టుకుని, వరసగా చదువుకుంటూ పోయింది.

అలాంటి రోజుల్లో, ఆగస్టు చివర, నరహరి సారు వచ్చాడు.

తాటిపాముల నరహరి సారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. సరోజనకు కూడా ఆయనే చెప్పాడు. చిన్నప్పటి నుంచే వీపు మీద గూని. మనిషి ముఖం చూస్తే దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడనిపిస్తుంది. వెనక చూస్తే, అప్పుడెవరో పిలిచినట్టున్నారు, లేచిపోయాడు. ఏ చొక్కా వేసినా వెనక పైకి లేచి, ముందు కిందికి వేలాడి, కాలరు మెడను వదిలేసేది. ఊరంతా అలవాటుపడ్డారు గానీ ఆయన పడలేదు. ఫోటోల్లో కుర్చీలో కూర్చునేవాడు. నిలబడాల్సి వస్తే గోడకు ఆనుకునేవాడు.

ఆ సంవత్సరం ఆయనకు జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుడని సన్మానం. పాత విద్యార్థులు చందాలు వేసుకుని కోటు గుడ్డ తెచ్చి ఇచ్చారు. ముదురు నీలం. ఏ దుకాణంలోనో చివరి ముక్క. ఒక్క కోటుకు సరిగ్గా సరిపోతుంది, జేబు మూతకు కూడా ఎక్కువ రాదు. నాకు ఆ ముక్క చూడగానే గుండె జారింది. ఎక్కువ గుడ్డ ఉంటే తప్పుకు చోటుంటుంది. ఇది తప్పుకు చోటులేని గుడ్డ.

“వీరస్వామీ, స్టేజీ మీద నిలవడాలె. అందరికి వీపు కనవడ్తది,” అన్నాడు సారు. చాలా మామూలుగా అన్నాడు. అంత మామూలుగా అనడానికి ఇంటి దగ్గర ఎన్నిసార్లు అనుకుని వచ్చాడో.

వీరస్వామి చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నాడు. “కరీంనగర్ పోండ్రి సారు. నా చేతులు ఇప్పుడు నా మాట ఇంటలేవు.”

“కరీంనగర్‌ల ఇద్దరిని అడిగిన. సారు, మీది కష్టం అన్నరు.”

మిషన్ ఆగింది. “నేను కుడ్త సారు,” అంది సరోజన.

వీరస్వామి నోరు తెరిచాడు. “ఏందే? కోటంటే జాకెట్ అనుకుంటున్నవా?”

“జాకెట్ల ఒంపులుండయా బాపు, గుండ్రాలుండయా? ఆడోళ్లకు కుట్టి మెప్పించినదాన్ని, మగోళ్ల కోటు ఓ లెక్కనా?”

“గుడ్డ ఒక్కటే ఉన్నది బిడ్డా. పాడైతే?”

సరోజన టేపు తీసి మెడలో వేసుకుంది. సారు ఆ ఇద్దరినీ చూసి, గుడ్డ పొట్లం సరోజన బల్ల మీద పెట్టాడు. “లెక్కల పరీక్షల ఎన్నడు ఫెయిల్ కాలే ఈ పిల్ల. పోనియ్యి వీరస్వామీ, చెయ్యనియ్యి.”

నిజం చెప్పాలంటే నేను వీరస్వామి పక్షం. ఆ పిల్ల అంటే నాకు ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నచోటే భయం ఎక్కువ. ఆ గుడ్డ పోతే సారు ఎటూ ఏమీ అనడు. స్టేజీ మీద మళ్లీ పాత చొక్కాతో గోడ వెతుక్కుంటాడు. ఈ పిల్ల మాత్రం జన్మలో కోటు గుడ్డ ముట్టదు.

సరోజన సారును నిలబెట్టి కొలిచింది. తర్వాత నా నూట పన్నెండో పేజీ తీసింది. “వంగిన వీపుకు కోటు.” పటం విప్పి నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టింది. కాగితం మీద నమూనా గీసి, మళ్లీ చూసి, మళ్లీ గీసింది. ఆ పేజీలో ఒక మాట ఉంది: “ఇట్టి వారికి కోయునప్పుడు వెనక మెడ వద్ద, భుజముల వద్ద అంగుళమున్నర గుడ్డ లోపలికి వదలవలెను.” పక్కన వీరస్వామి రాత: “తప్పక.” ఆమె ఆ రెండు మాటలూ రెండుసార్లు చదివింది, అంత గుడ్డా లోపలికి వదిలింది. తర్వాత అరలోంచి తండ్రి కత్తెర దింపి, చుట్టిన గుడ్డ విప్పి, కోటు గుడ్డ మీద ఆనించింది. వీరస్వామి గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు. కత్తెర బల్ల మీద మెల్లగా నడిచిన చప్పుడు మా ఇద్దరికీ వినబడింది. ఆయనకు వినబడింది గనకనే, కోత ఎక్కడా తెగిపోకుండా ఒకే ఊపిరిలో సాగిందని తెలిసి, కొంచెం ఇటు తిరిగాడు.

మూడు రోజులకు, మళ్లీ విప్పడానికి వీలుగా కచ్చా కుట్టు వేసి ట్రయల్‌కు పిలిచింది. సారు తొడిగాడు.

నేను చూడకపోతే బాగుండేది. వెనక అంచు పైకి లేచింది. ముందు రెండు కొసలూ దిగి వేలాడాయి. కాలరుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు. ఆయన చొక్కాలకు ఏ జబ్బు ఉందో ఈ కోటుకూ అదే వచ్చింది. సరోజన మొహంలో రక్తం లేదు. లెక్కలన్నీ సరిగ్గా వేసింది. నాకు తెలుసు, నా పేజీలో ఉన్నట్టే వేసింది. అంటే తప్పు నాదా? నలభై ఏళ్లు అరలో నిలబడింది ఈ రోజు కోసమా అనుకున్నాను.

సారు అద్దంలో ముందు భాగం మాత్రమే చూసుకున్నాడు. “మంచిగనే ఉన్నది బిడ్డా. ఫోటోలు ముందటికెంచే గద తీసేది.” తప్పంతా తన వీపుదే అన్నట్టు, ఆమెను ఓదార్చడానికి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాక నాకు అచ్చాఫీసు కత్తి నయమనిపించింది.

వీరస్వామి కుర్చీలోంచి లేచాడు. కోటును కాదు, సారును చూస్తున్నాడు. బిడ్డను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. “ఎట్ల కొలిచినవ్?”

“నిలవెట్టి కొలిచిన.”

“ఆయన ఎట్ల నిలవడ్డడు?”

సరోజన గుర్తు తెచ్చుకుంది. “నీట్‌గ. టేపు తియ్యంగనే ఊపిరి పట్టి, ఎంత అయితె అంత సక్కగ నిలవడ్డడు.”

“ఆఁ. టేపు సూస్తె ఏ మనిషైనా అవద్దమాడ్తడు బిడ్డా. పొట్ట లోపలికి గుంజుతడు, రొమ్ము ఇరుస్తడు. సారు ఆయింత సేపు ప్రాణం బిగవట్టి గూని తగ్గించిండు. లేని మనిషికి కోటు కోసినవ్ నువ్వు.”

“మరి నువ్వెట్ల కొలిచేటోనివి?”

“నేను టేపు తీసేది ఆఖరుకు. ముందుగాల మాటల్ల పెట్టేటోన్ని. పటేల్‌ను పంట గురించి అడిగేది. వకీల్‌ను కేసు గురించి అడిగేది. మనిషి మాటల్ల పడ్డంక ఒళ్లు దాని జాగల అది కూసుంటది. అప్పుడు కొలవాలె.”

“పుస్తకంల యాడ రాసినవ్ ఈ ముచ్చట?” సరోజన గొంతులో కోపం ఉంది, ఏడుపు కూడా ఉంది.

వీరస్వామి ఆశ్చర్యపోయాడు. “గిది రాసేది ఉంటదా? అందరికి ఎర్కే గదా.”

విన్నారు కదా. పావు అంగుళాలు రాశాడు, అర అంగుళాలు రాశాడు, అసలు సంగతి మాత్రం అందరికీ తెలిసిందే అని వదిలేశాడు. పని బాగా వచ్చినవాళ్లు చేసే తప్పు అదే. వాళ్ల చేతికి ఏది తేలికో అది వాళ్లకు సంగతి లాగే కనిపించదు. నన్ను రాసినాయనా అంతే చేసి ఉంటాడు. నా ఒంటి నిండా కొలతలున్నాయి, కొలిచే ముందు ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు.

సరోజన వెనక్కి తిరిగి చూసింది. సారు కోటు విప్పి, చొక్కా సవరించుకుని, ఇంటికి బయల్దేరుతున్నాడు. ఆమె గబగబా నన్ను తీసి, షేర్వానీ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది.

“సారూ, పోయే ముంగట ఈ లెక్క జెర చెప్పరా. నాకు మొదటి నుంచి తెగుతలేదు.”

సారు కళ్లజోడు పెట్టుకున్నాడు. చదివాడు. కనుబొమలు ముడిపడ్డాయి. “ఛాతీ ముప్పై ఆరు. సగం పద్దెనిమిది. దాంట్ల మూడో వంతు ఆరు. దానికి ముప్పావు కలిపితే… ఆరుంబావు అంటడేంది? ఎవరు రాసిండ్రిది?”

నాకు తల కొట్టేసినట్టయింది. అచ్చు తప్పు! పుట్టినప్పటినుంచీ ఒంటి మీద మోస్తున్నాను, నాకే తెలియదు.

“ఆరుముప్పావు గదా రావాలె! వీరస్వామీ, గిన్నేండ్ల సంది గీ తప్పుతోనే కుడ్తున్నవా?”

“నేనెన్నడు లెక్క చేసిన సారు? సూసి కోసిన.”

“సూసి కోసిండట! సరోజనా, సుద్ద ఇటియ్యి.”

ఆయన చేతికి మార్కింగ్ సుద్ద దొరికింది. ఇక దుకాణం లేదు, తరగతే ఉంది. కోత బల్ల నల్లబోర్డు అయింది. లెక్క మొదలుపెట్టాడు, మధ్యలో “ఇక్కడ ఎందుకు భాగించినం, చెప్పు” అన్నాడు, సరోజన కావాలనే తప్పు చెప్పింది. “అగో! గదే తప్పు పదో తరగతిల గూడ చేసినవ్!” అని సంతోషంగా తిట్టాడు. బల్ల మీదికి వంగాడు. భుజాలు వదిలేశాడు. ఆయన వీపు ఆయనకు గుర్తులేదు. ఆ ఒంటిని ఆయన అంత హాయిగా వదిలేసి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. సుద్ద పట్టుకున్న మనిషి ఎంత అందంగా ఉన్నాడో, ఆ ఫ్యాషన్ పుస్తకం చూడాల్సింది.

వీరస్వామి కళ్లతోనే బిడ్డకు సైగ చేశాడు. లెక్క ముగించి, చెప్పింది అర్థమైందా అని సారు తలెత్తి నిలబడ్డాడు, ఇంకా ఆ లెక్కలోనే ఉన్నాడు. సరోజన వెనక నుంచి టేపు మెడ ఎముక మీద పెట్టి, గూని మీదుగా నడుము దాకా దింపింది. ఆయనకు తెలియలేదు. “అయితే నలభై ఛాతీకి ఎంతొస్తది సారూ?” అని అడుగుతూనే ముందు కొలత కూడా తీసింది.

వెనక అంగుళమున్నర పెరిగింది. ముందు అంగుళం తగ్గింది.

అంగుళమున్నర! నేను వదలమన్నది, వీరస్వామి తప్పక అన్నది, సరోజన రెండుసార్లు చదివి వదిలింది సరిగ్గా అంతే. నూలుపోగు మిగలదు. తక్కువ పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. అబద్ధం, రోజూ తలుచుకుంటాను.

కచ్చా కుట్లు విప్పింది. లోపల దాగిన గుడ్డంతా మెడ దగ్గర, భుజాల దగ్గర బయటికి తెచ్చింది. ముందు భాగాన్ని భుజం దగ్గర అంగుళం దింపి కోసింది. రెండోసారి కత్తెర పడుతుంటే వీరస్వామి ఈసారి గుమ్మం వైపు తిరగలేదు. పక్కనే నిలబడి చూశాడు. వీపు మధ్య కుట్టు మాత్రం కొలతతో అయ్యేది కాదు. గుడ్డను తడిపి, వేడితో సాగదీసి, గూనికి చోటిచ్చేలా గుండ్రంగా తేవాలి. వేడి ఎక్కువైతే గుడ్డ మెరుస్తుంది, ఇంకా ఎక్కువైతే కాలుతుంది.

“జరుగు,” అన్నాడు వీరస్వామి.

“బాపూ, నీ చేతులు…”

“జరుగమన్న.”

తడి గుడ్డ పరిచి, బరువైన ఇస్త్రీ పెట్టె మీద రెండు చేతులూ వేసి అదిమాడు. నేను కళ్లు మూసుకున్నాను. మసి వాసన వస్తుందని చూశాను, రాలేదు. మెల్లగా తెరిచి చూస్తే, ఆ బరువు కింద వణుకు లేదు. ఆవిరి లేస్తోంది. బిడ్డ గుడ్డ అంచు పట్టి లాగుతోంది, తండ్రి పెట్టెను వంపు తిప్పుతున్నాడు. ఆ ఆవిరికి నా అట్ట ఉబ్బింది, నేను ఏమీ అనుకోలేదు. ఎన్ని చేతులు చూశానో, ఆ నాలుగు చేతులంత గొప్పవి చూడలేదు.

సన్మానానికి రెండు రోజుల ముందు సారు కోటు తొడిగాడు. సరోజన గోడ అద్దం ముందు నిలబెట్టి, వెనక చేతి అద్దం పట్టింది. ఆయన చాలాసేపు ముందు అద్దంలోకే చూశాడు. ఆ తర్వాత భయంభయంగా కళ్లు పక్కకు తిప్పి వెనక అద్దంలోకి చూశాడు. గూని ఉంది. ఎక్కడికి పోతుంది? కానీ దాని మీద గుడ్డ ముడత లేకుండా ఒదిగి ఉంది, వెనక అంచు నేలకు సమంగా ఉంది, కాలరు మెడను పట్టుకుని ఉంది. దాచినట్టు లేదు, వెక్కిరించినట్టూ లేదు. “నీకూ చోటుంది” అన్నట్టుంది.

“ఇంక జెర పైకి పట్టు బిడ్డా,” అన్నాడు సారు. ఆమె అద్దం పైకి ఎత్తింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లజోడు మీద మరకేమీ లేదు.

సన్మానం రోజంతా నేను వాన వస్తుందనే అనుకున్నాను. వానొస్తే గుడ్డ కుంచించుకుపోతుంది, కుట్టు లాగుతుంది, స్టేజీ మీద ఎక్కడో ఒక పోగు తెగుతుంది. ఇవన్నీ అనుకుంటూ సాయంత్రం చేశాను. వాన రాలేదు.

మరుసటి వారం సారు ఫోటో పట్టుకుని వచ్చాడు. ఎవరో వెనక వరసలోంచి తీసిన ఫోటో. సారు కలెక్టరు చేతి నుంచి శాలువా అందుకుంటున్నాడు. ముఖం కనిపించదు, వీపు కనిపిస్తుంది. “ముందటికెంచి గూడ తీసిండ్రు. నేను ఇదే కావాలన్న,” అన్నాడు.

వీరస్వామి ఆ ఫోటో రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తీసుకుపోయాడు. శాలువా చూడలేదు, కలెక్టరును చూడలేదు. కాలరు చూశాడు. అంచు చూశాడు. వణుకుతున్న ఫోటోలో కూడా ఆయనకు అంతా కనిపించింది.

“కాలరు మెడను ఇడువలే,” అన్నాడు.

ఆయన నోట అంతకు మించిన మాట నేను ఎన్నడూ వినలేదు. సరోజనకు కూడా అది తెలుసు, అందుకే మిషన్ మీద తల వంచుకుంది.

సారు వెళ్లాక ఆయన నన్ను అరలోంచి దింపి, నూట పన్నెండో పేజీ తీసి, బిడ్డ ముందు పెట్టి, తన జేబులోని పెన్ను ఇచ్చాడు. నా చేతులు రాయలేవు అని ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

“ఏం రాయాలె బాపు?”

“నాకేమెర్క? చేసినదానివి నువ్వు.”

సరోజన పెన్ను మూత తీసింది. తండ్రి రాత పక్కన, ఖాళీగా మిగిలిన చోట, బడిపిల్ల రాసినట్టు గుండ్రంగా రాసింది: “నరహరి సారు. లెక్క చెప్పిచ్చుకుంట కొలిచిన. ఎవరికి ఏది ఇష్టమో ముందు అది అడగాలె. టేపు తర్వాత.”

రాసి, సిరా ఆరకముందే నన్ను మూసేసింది. అంతా అలుక్కుపోయిందనుకున్నాను. తర్వాత ఎప్పుడో తెరిచినప్పుడు చూసుకుంటే ఒక్క అక్షరం చెదరలేదు. పైగా ఎదుటి పేజీ మీద అవే మాటలు తిరగబడి, పలచగా, ఇంకోసారి పడి ఉన్నాయి. మంచిదే. ఒక పేజీ చిరిగినా రెండోది ఉంటుంది.